ఎడమ బొటనవేలు

శివనగర్ అండర్‌బ్రిడ్జి దాటంగనే కుడిపక్క
రెండు కుర్చీల దుకాణం నాది.
ఒకదానికి పెడల్ పనిజెయ్యది.
సారంగపాణికి అదే కావాలె.
మిల్లు మూతవడ్డనాడు వాళ్ల నాయిన గూడ
దాంట్లనే కూసున్నడట,
గడ్డం గీకించుకోకుంట, ఊకెనే.

సారంగం ఇప్పటికి పదకొండు సీరీస్‌ల కనవడ్డడు.
ఏదీ పాటలున్న సినిమా గాదు.
వానల శవం, టార్చిలైటు, కుక్క మొరుగుడు,
ఎవరు చంపిండ్రని ఎనిమిది భాగాలు సాగదీసుడు,
గసొంటియి.

అందరికన్న ముందు నాకే తెలుస్తది కథ.
పక్కలు పొట్టిగ కొట్టమంటె ఎస్సై.
మీసం జర కిందికి దిగాలె అంటె లంచం తినే ఎస్సై.
రెండు నెల్లు దుకాణం దిక్కే రాకపోతె హంతకుడు.
"ఏదో ఒకటి చెయ్యన్నా, తొందరుంది" అంటె
మొదటి భాగంలనే సచ్చిపోతడు.
చాయ్ హోటల్ కొమురెల్లి బతిమిలాడుతడు:
"ఎవడు చంపిండో జర చెప్పరాదె, నిద్రవడ్తలేదు."
నేను చెప్ప.
మంగలి కడుపుల ఎన్ని ఇండ్ల ముచ్చట్లు పండుకున్నయి,
ఇదొక లెక్కనా.

తెర మీద పద్నాలుగు మందిని చంపినోడు
నా కత్తి కింద కండ్లు మూసుకుంటడు.
ఒకపారి చెవి కింద గాటు వడ్డది, ఆవగింజంత నెత్తురు,
తెల్లగుడ్డ మీద మరక జూసి సొమ్మసిల్లిండు.
పటిక రాసి, సోడా తాగించి పంపిన.
ఆ వారమే పోస్టర్ జూస్తి:
మోచేతుల దాంక ఎరుపు.

పోయిన ఆషాఢంల, షట్టర్ సగం దించినంక వచ్చిండు.
"అన్నా, ఈపారి హంతకుడు మంగలోడు.
కత్తి పట్టుడు నేర్పు."
ఆ మాటకు ఒక ఘడియ వాని దిక్కు చూసిన.
ఇగ నేర్పిన.

బ్లేడు గాదు, మా బాపు కత్తి బయటికి తీసిన.
తోలుపట్టా మీద నూరుడు. మణికట్టు వదులు చేసుడు.
ఎడమ బొటనవేలుతోటి చర్మం మెల్లగ పైకి గుంజాలె,
నిద్రవోయిన పోరగాని చెంప ముట్టినట్టు.
"కత్తి గాదురా, బొటనవేలే గీసేది"
అంటుండె బాపు.
నా మెడ మీదనే నేర్చుకున్నడు, తొమ్మిది రాత్రులు,
చెయ్యి వణుకుడు తగ్గిందాంక.

దసరా తెల్లారి వచ్చిందది.
కొమురెల్లి ఫోన్ల చూసిన, చాయ్ చల్లారుతుంటె.
సారంగం మొఖం నేను చూడనేలేదు.
బొటనవేలు చూసిన.
చర్మం గుంజింది, గంతే మెల్లగ, గంతే ప్రేమగ.
మా బాపు చెయ్యి అది.
యాభై ఏండ్లు ఒక్క మెడ తెగనియ్యని చెయ్యి.

గిరాకి తగ్గలేదు గని
కూసున్నోడల్లా ఒకటే పరాచికం:
"పైలం బావా, గొంతు గిట్ల కోస్తవా ఏంది."
మొదటి దినం నవ్విన.
కిరాణపాయన కొడుకు మాత్రం కుర్చీ ఎక్కనని ఏడ్చిండు.
తండ్రి వాన్ని ఎత్తుకోని
ఏసీ ఉన్న సెలూన్‌కు వోయిండు.

కార్తీకంల సారంగం వచ్చిండు.
కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఎవరో ఆమె
వీన్ని జూసి పిల్లను కొంగుల దాసుకున్నదట.
నవ్వుకుంటనే చెప్పిండు.
పెడల్ పనిజెయ్యని కుర్చీల మెడ ఎనుకకు వంచిండు.
అద్దంల నా దిక్కు చూడలేదు.
నురుగు వెట్టిన.
బొటనవేలు ఆనిచ్చిన.
గొంతుముడి పైకెక్కింది, దిగలేదు.
అప్పుడే పట్టాల మీద బండి,
అద్దాలు, దువ్వెనలు, దుకాణమంత అదురుడు వెట్టింది.
మొత్తం పొయ్యేదాంక కత్తి లేపి ఆగిన.
గూడ్సు. శానసేపు.

గీసినంక ఎనభై అడిగిన.
"నలభయ్యే గదనే?"
గొంతుకు నలభై, అన్న.
చేతికి నలభై.
ఇచ్చిండు.