తొక్కల బస్తా

గాలి వచ్చిన రాత్రి రెండు రేకులు లేచిపోయాయి.
ఒకటి పోతూ పోతూ
కొబ్బరి మొవ్వునొకదాన్ని కోసుకుపోయింది.
రెండోది ఎటు పోయిందో చూడలేదు.
గుంటని మంచం కిందకి తోస్తున్నాను అప్పుడు.

తెల్లారి సచివాలయం కుర్రోడు వచ్చాడు. మంచోడే.
"అప్పా, కప్పు ఫోటో కావాల" అన్నాడు.
లేనిదాన్ని ఎలా తీస్తావు నాయనా?
తీశాడు.
ఫోటో నిండా ఆకాశం,
ఒక మూల ఎండు సొరకాయ తీగ.

ఫారంలో రెండే గళ్ళు: పాక్షికం, పూర్తి.
నాలుగు రేకుల్లో రెండు పోయాయి గనక
పాక్షికం అని రాశాడు.
వాన సగమే కురుస్తుందన్నట్టు.
పట్టా అత్త పేరు మీదుంది.
అత్త పోయి ఆరేళ్ళు.
ఆమెచేత సంతకం పెట్టించమన్నాడు,
అనేశాక తనే నాలిక్కరుచుకున్నాడు.

మార్గశిరంలో మహేంద్రగిరి మీంచి
మంచు దిగింది మా పలాస మీదకి.
పైన అద్దె టార్పాలిన్, రోజుకి పదిహేను.
కట్టెల మోపు నూట నలభై.
ఉన్ని దుప్పటికి మూడు రోజుల కూలి.
గ్యాస్ పొయ్యి మీద చేతులు కాచుకుంటే
నెలాఖర్లో అటుకులు నానబెట్టుకోవాలి.
లెక్క వేసి వేసి
నా వేళ్ళే మొద్దుబారాయి.

నవ్వకండి,
పొద్దంతా నా పని బట్టీ దగ్గరే.
జీడిపిక్కలు కాల్చే ఆవిరిలో
జాకెట్టు పిండితే చెమట కారుతుంది.
సాయంత్రం ఇంటికొచ్చి
పళ్ళు టకటకలాడించుకుంటూ పడుకుంటాను.
ఆ వేడి యజమానిది.

మేస్త్రీ దండాసిని అడిగాను,
తొక్కల బస్తా ఒకటి ఇమ్మని.
"నూనె మిల్లు లారీ లెక్కపెట్టి ఎత్తుకుపోతాది,
ఒలే, నాకు మాటొస్తాది" అన్నాడు.
తర్వాత చుట్టూ చూసి
నాలుగు కిలోల కూలి కోసుకుని ఇచ్చాడు.

ఆ తొక్క ఇంట్లో కాలిస్తే మనిషి మిగలడు.
చిటపటమని నూనె కక్కుతుంది,
నల్లటి పొగ గొంతు పట్టుకుంటుంది.
అందుకే వీధిలో పెట్టాను మంట, గాలివాటు చూసి,
నాలుగింటికి, మొదటి షిఫ్టు సైరన్‌కి ముందు.
హైమావతి రెండు దోసిళ్ళ తొక్క తెచ్చింది కొంగులో.
బ్యాండ్ మేళం సింహాద్రి విరిగిన స్టూలు తెచ్చాడు.
దగ్గుకుంటూ, తిట్టుకుంటూ, ఎనిమిది మందిమి.
నా ఫారం సంగతి చెప్పాను.
"నాదీ అంతే" అన్నారు ముగ్గురు.

నాలుగో నాటికి
చివరింటి ఢిల్లేశు మంటలోకి చూస్తూ,
మా ఎవరి వంకా చూడకుండా,
"అప్పా... నీ రేకు మా కోళ్ళగూటి మీదుంది" అన్నాడు.
"గాలే తెచ్చి పడేసినాది. నాను దొంగిలించలేదు.
ఇద్దామనుకున్నాను.
పెట్ట పొదిగేసింది."

ఎవరం మాట్లాడలేదు.
తొక్క ఒకటి పేలింది.
ముందు హైమావతి నవ్వింది,
ఆ తర్వాత నాకు కోపం రావడానికి కూడా
చోటు మిగల్లేదు.

ఆదివారం తనే మోసుకొచ్చాడు.
ఒక పక్క కోళ్ళ రెట్ట,
ఒక పక్క గాలి వంచిన సొట్ట.
సింహాద్రి నిచ్చెన పట్టుకున్నాడు.
పాత మేకు కంతల్లోంచి
మూడు వెలుతురు చుక్కలు నేల మీద పడ్డాయి.
తొక్కలోంచి కారిన నల్ల జిడ్డు గుడ్డపీలికకి రాసి
కంతలు పూడ్చాను.
నా వేళ్ళనీ ఇరవై ఏళ్ళుగా
ఆ జిడ్డే పూడ్చేసింది,
వేలిముద్ర మిషను నన్ను గుర్తుపట్టదు.

నిచ్చెన మీద ఉండగానే ఫోన్ మోగింది.
కింది నుంచి గుంట చదివింది:
మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది.
"పరిశీలించనీ" అన్నాను, "మేకు అందుకో."

రెండో రేకు సంగతి ఇంకా తెలీదు.
ఆ మూల టార్పాలిన్ రాత్రంతా కొట్టుకుంటుంది.
ఢిల్లేశు కోళ్ళకి
అత్త పాత గొడుగు ఇచ్చాను.