కొనసాగించవచ్చు

స్టేషన్ వెనక, సీజు చేసిన బండ్లు తుప్పుపట్టే జాగ దాటితే
నా గది.
రెండు బీరువాలు, ఒక ఫ్యాను,
చెదలు తినంగ మిగిలిన భోలక్‌పూర్.

ఇరవై రెండేండ్ల సంది రైటర్ని.
ఎవర్నీ కొట్టలె, తిట్టింది తక్కువ.
రాసిన.

ఏడాదికోసారి రౌడీషీట్లు దింపి చూడాలె,
అక్కర లేనిది మూసెయ్యాలె. రూలున్నది.
చూసుడంటే
నూట పద్నాలుగు షీట్లు, ఒక్క సాయంత్రం, మిర్చి బజ్జీల పొట్లం,
కింది వరసల పోయినేటి మాటనే మళ్ళా:
"నడవడిపై నిఘా అవసరం. కొనసాగించవచ్చు."
సారు ఫోన్ మాట్లాడుకుంట సంతకం పెడతడు.
పేర్లు చదవడు.
ప్రతి పేజీ మీద నూనె వేలిముద్ర ఒకటుంటది,
అది నాదే.

చిరునామాలు నేను చదివిన:
నాలా పక్కన, పట్టాల పక్కన, బొక్కల గోదాం ఎనక.
లిఫ్టున్న ఇల్లు ఒక్కటి తగల్లె.

నలభై ఏడో షీటు. గడ్డమీది బిక్షపతి.
పంతొమ్మిదేండ్లప్పుడు తోలు గోదాం కాడ కొట్లాట.
కేసు కొట్టేసిన్రు, కాగితం కొట్టెయ్యలె.
ఫోటోల మీసం సరిగ రాని పోరడు,
బడిల పట్టని పలక ఠాణల పట్టిండు.
ఆ తర్వాత ముప్పై ఏండ్లు పాత ఇనుము మోసిండు.
ఎన్నికలొస్తే బైండోవర్,
పండుగొస్తే స్టేషన్ల బల్ల,
రాత్రి రెండింటికి తలుపు మీద లాఠీ:
"ఉన్నవా బిక్షపతీ?"
"ఉన్న సార్."
ఆ రెండు ముక్కలు విని విని
ఐదుగురు ఇంటి ఓనర్లు ఖాళీ చెయ్యమన్నరు.

ఇప్పుడు షీట్లన్ని కంప్యూటర్ల కెక్కించమన్నరు.
కొత్త కానిస్టేబుల్ సాత్విక్ కొడుతున్నడు, నేను చదువుతున్న.
నలభై ఏడు కాడ గొంతు ఆగింది.

పోయిన ఎండకాలం
గాంధీ దవాఖాన మార్చురీ బయట
ఈ చేత్తోనే పంచనామా రాసిన.
దూలం జారి మీద పడ్డది.
తండ్రి పేరు, వయసు, ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు.
డిసెంబర్ల అదే పెన్నుతోని
కదలికలు గమనిస్తున్నమని రాసిన.

"ఏం కొట్టాలె సార్?"
తెర మీద మూడు గడులు:
పరారీ. జైలు. అందుబాటులో.
చచ్చినోనికి గడి పెట్టలె.
"మూసుడు పెద్దసార్ల లాగిన్ల ఉంటది సార్.
ఒకటి నొక్కకుంటే ముందుకు పోదు."
ఇంకా అరవై ఏడు షీట్లున్నయి.
నొక్కమన్న.

రెండు రోజులకు బీటు రాజలింగం చాయ తాగుకుంట చెప్పిండు:
ఫోన్ల కొత్త లిస్టొచ్చిందట,
అర్ధరాత్రి పోయి తలుపు కొట్టిండట.
లోపల లైటన్న వెయ్యకుండ
ఆడపిల్ల గొంతు పలికిందట,
"ఉన్న సార్."

వాడు నవ్వి పోయిండు.
నేను బీరువ తెరిచిన.
బిడ్డ స్రవంతి వానల్ల తెచ్చిచ్చిన మరణపత్రం
షీటు ఎనక గుచ్చిన పిన్నుతోనే ఉన్నది,
పిన్ను చుట్టు తుప్పు, రూపాయంత.
నేనే గుచ్చిన.
ఈ గదిల పేజీ తిప్పేటోన్ని
నేనొక్కన్నే.