నీలి చుక్క

బాలరాట్‌లో జూలై. వర్క్‌షాపు రేకుల మీద మంచు.
మూడు మిల్లీమీటర్ల పాలికార్బొనేట్ షీటు,
బల్లకు బిగించి, చెక్కతో అదిమి
వేడి చేయకుండానే వంచాం.
అక్రిలిక్ అయితే ఈపాటికి
నేలంతా ముక్కలు ఏరుకుంటూ ఉండేవాళ్ళం.

పైపొర ఒలుస్తుంటే చిటపటమని
చేతిమీద వెంట్రుకలు లేచాయి.
అడక్కుండానే సుత్తి తెచ్చింది ఆర్లా.
ఒక్కటిచ్చింది.
సుత్తే ఎగిరి వెనక్కొచ్చింది.
అందరూ నవ్వారు, నేనూ.

సాయంత్రం టెవోద్రోస్
రోబో పరుగులో మరలు ఊడిపోకుండా
ఒక్కోదానికీ ఒక్కో నీలి జిగురు చుక్క పెట్టాడు.
ఒద్దికైన పిల్లాడు.
సీసా మీది చీమతలకాయంత అక్షరాలు
నేను మాత్రం చదివానా?

పొద్దున తలుపు తీస్తే
ప్రతి మర చుట్టూ సాలెగూడు.
ఒక రెక్క తనంతట తానే రాలి, బల్లమీద.

వంచిన చోట బిగువు
లోపలే మెసులుతూ ఉంటుందట,
పైకి నున్నగా, అద్దంలా.

వాడు జేబుల్లోంచి చేతులు తీయలేదు.
"సుత్తిని ఓర్చుకుంది కదా, మిస్"
అన్నాడు చాలాసేపటికి.

ఏదో చెప్పబోయి
మిగిలిన షీటు కొలిచాను.
గీతలు దగ్గరగా గీస్తే
ఇంకో నాలుగు రెక్కలొస్తాయి.
ఈసారి నైలాన్ నట్లు.
సీసా నా సొరుగులో.