మెట్లు దిగిన పాచిక

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, బెల్లం మండీ మీద మిద్దె గది.
ఆదివారం సాయంత్రం.
ఈగలు కూడా మా ఆటకి సభ్యులే.
చాప మీద ఐదుగురం, మధ్యలో మూడు పుస్తకాలు.

మొదటిది నాలుగు వందల పేజీలు,
నా రెండు నెలల ట్యూషన్ డబ్బు.
కత్తికో లెక్క, డాలుకో లెక్క,
తడిసిన తాడు మీద చెయ్యి జారేదానికీ ఒక పట్టిక.
జ్ఞానప్రసూనకి అదంటే ప్రాణం.
ఇన్సూరెన్సు ఆఫీసు మనిషి,
షరతులు లేని చోట నిద్ర పట్టదు.

రెండోది పల్చన, పెళ్లిపత్రికంత.
"కథ నడవాల గదబ్బా,
పొద్దంతా కాటా పట్టుకునేది చాలదా నాకు?"
అన్నాడు నాదముని.
మండీ వాళ్ల నాయనది, గది అద్దె లేనిది,
అందుకే అతని మాట
ఒక అరకిలో ఎక్కువ తూగుతుంది.

మూడోదాంట్లో పాచికలే లేవు.
ఎవరు బాగా చెబితే వాళ్లు చెప్పిందే జరిగినట్టు.
తెచ్చింది షాహీనా,
వక్తృత్వపు పోటీల్లో ఏడు కప్పులు గెలిచిన పిల్ల.

నడిపేవాణ్ణి నేను. తేల్చాల్సిందీ నేనే.
వారానికొకటి ఆడి చూద్దామన్నాను.

మొదటి వారం
తాళ్ల వంతెన దాటడానికి గంటన్నర.
పేజీ వెతికేలోపు కరెంటు పోయింది,
వంతెన మాత్రం తెగలేదు.
రెండో వారం
ఎనిమిదింటికల్లా మూడు కోటలు కూలినాయి,
ఒక్క కోట పేరూ గుర్తు లేదు.
మూడో వారం, అబ్బా, ఆ వారం!
షాహీనా చెబుతుంటే గోడ మీద క్యాలెండర్ కూడా వినింది.
ఇదే, ఇంక ఇదే అనుకున్నాను.

అందరూ పోయినాక కాగితాలు ఏరుకుంటే
ఢిల్లీబాబుది తెల్లగా ఉంది.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని అతనికి.
మిషన్ల మోతలో ఎవరూ ఎవరినీ మాట అడగరు.
ఆ రాత్రి ఒకే ఒకసారి నోరు తెరిచినాడు,
"క... క..."
కత్తి దాకా చేరకముందే
షాహీనా వాక్యం పూర్తి చేసేసింది.
మంచి మనసుతోనే.
మేమందరం మంచి మనసుతోనే తలూపినాం.

మొదటి వారం గుర్తొచ్చింది.
చీకట్లో, సెల్‌ఫోను వెలుతుర్లో
పద్నాలుగు వేసి, పట్టిక మీద వేలు పెట్టినాడు.
జ్ఞానప్రసూన పాత్ర లోయలో పడలేదు.
ఎవరం వాదించలేదు.
పద్నాలుగంటే పద్నాలుగే.

చిన్నప్పుడు ద్రౌపదమ్మ గుడి భారతంలో
పద్దెనిమిదో పొద్దు, మట్టి దుర్యోధనుణ్ణి
పడేసేది చూసేవాణ్ణి.
ప్రతి ఏడూ వాడే పడతాడు.
అంత పెద్ద తొడ, అంత పెద్ద మీసం,
ఒక్క ఏడన్నా వాడికి పాచిక వేసే వంతు రాదా
అని అడిగి మా అవ్వ చేత మొట్టికాయ తిన్నాను.

నాలుగో వారం చెప్పినాను:
పల్చటి పుస్తకమే, కానీ
లావుదాంట్లోంచి మూడు పట్టికలు జిరాక్స్.
తాడుది, చీకటిది, భయానిది.
ముందు పాచిక, తర్వాతే మాట.
జ్ఞానప్రసూన అప్పటికే లామినేషన్ సంగతి అడుగుతోంది.
నాదముని గొణిగినాడు.
షాహీనా చాలాసేపు కాగితం మడతపెట్టి, విప్పి,
"నేనాయన్ని మాట్లాడనీలేదా?" అంది.
ఎవరం జవాబు చెప్పలేదు.

ఢిల్లీబాబు వంతు. గోడ దూకాలి.
విసిరిన ఇరవై ముఖాల పాచిక
చాప దాటి, గడప దాటి
మెట్లు, మెట్లు, మెట్లు,
బెల్లం దిమ్మెల మధ్య ఆగింది.
కింద నుంచి నాదముని నాయన గొంతు:
"ఒరే, ఏడు పడిండాదిరా! తీసి పారేసేదా?"

ఏడంటే కాలు విరగడం.
మెట్లు దిగిన పాచిక చెల్లుతుందా?
మూడు పుస్తకాల్లోనూ లేదు.
"ఇంకోసారి వేసుకో" అన్నాను నేను.
అతను తల అడ్డంగా ఊపినాడు.

"చ... చ..."

బయట ఆటో ఒకటి పోయింది.
షాహీనా పెదాలు బిగబట్టుకుని కూర్చుంది.

"చెల్లుతుంది."