తాళాలు మార్చుకున్నం

మన్ననూరు చెక్‌పోస్టు ఆరింటికి గానీ తెరవరు.
మేము ఐదుంబావుకే వచ్చి నిలబడ్డం,
రెండు బండ్లు, ఒక ఫ్లాస్కు చాయ్,
హెల్మెట్ల కింద ఇద్దరి తెల్లజుట్టు.

కుర్మయ్యది నాలుగు సిలిండర్ల కొత్త బండి.
పాలమూరుల పెట్రోలు పోసే పిల్లగాడు
దాని మూత ముట్టే ముందు చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటడు.
నాది రెండు సిలిండర్లది, పదకొండేండ్లది,
తొంభై నాలుగు వేల కిలోమీటర్లు.
నల్లగొండ ప్రకాశం బజారుల సీటు రెండుసార్లు కుట్టించిన.
రెండోసారి దర్జీ అడిగిండు:
"ఇది సోఫానా సార్, గుర్రమా?"

ఏండ్ల సంది మాది ఒకటే తగువు.
నూట ఇరవై దాటితె నీది వణుకుతది,
అద్దంల ఒక్క లారీ రెండు లారీలైతది, అంటడు వాడు.
ముప్పై మీద నడిపితె నీది అలుగుతది,
మే నెలల తొడ కింద పెనం పెట్టినట్టుంటది, అంట నేను.
వాడు ఆరో గేరంటడు, నేను మైలేజీ అంట.
వాడు విండ్‌స్క్రీనంటడు,
నేను మొయిన్ భాయ్ అంట.
మొయిన్ భాయ్ పార్టు కాదు, మిర్యాలగూడ మెకానిక్కు.
ట్యాంకు మీద చెవి ఆనించి
ఏ వాల్వు అలిగిందో చెప్తడు.

వాడికి చెప్పని ముచ్చట ఒకటున్నది.
నేను మర్రిగూడ దిక్కు పుట్టినోన్ని.
చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లు
మోకాళ్లల్ల రాయై కూసున్నయి.
బండి కొనబోతె అందరు హార్స్‌పవర్ అడుగుతరు,
నేను సీటు నుంచి ఫుట్‌పెగ్గు దాక జానతోటి కొలుస్త.
రెండు జానలు, నాలుగు వేళ్లు.
అంతకు తక్కువైతె ఏ కంపెనీదైనా నాది కాదు.
షోరూము పిల్లలు నవ్వుతరు.
నవ్వనియ్,
ఫిల్టరు నీళ్ల పిల్లలు.

"ఇయ్యాల తాళాలు మార్చుకుందమా?"
ఇరవై రెండేండ్ల దోస్తానాల
కుర్మయ్య ఎన్నడు అడగలె.
గేటు కాడ గార్డు రిజిస్టరు తీసి
"ఈ పెద్ద బండి ఎవరిది?" అంటె
"వాడిది" అన్నం ఇద్దరం ఒక్కసారే.

పులుల అడవిల ముప్పై దాటొద్దు.
నాలుగు సిలిండర్లు నా కింద గొణిగినయి,
పెండ్లిల బంతి కాడ ఊకె కూసోబెట్టిన పహిల్వాన్ లెక్క.
ఒట్టిగ చెప్పొద్దు, మంచి బండి.
గుంత వచ్చిందని కండ్లు చెప్పినయి,
నడుముకు ఆ కబురు అందనే లేదు.
మలుపుల కాడ నేను అనుకోకముందే ఒరిగింది.
వటవర్లపల్లి దాక దాన్ని మెచ్చుకున్న.
ఆ తర్వాత మోకాళ్లు లేసినయి.
దోమలపెంటల ఆపినంక
కాలు కిందికి రాలె.
చాయ్ డబ్బా పిల్లకు
మొక్కుతున్న మనిషి లెక్క కనబడ్డనేమో,
ఆమె సుత చేతులు జోడించింది.

వెనక నుంచి కుర్మయ్య వచ్చిండు, భుజం పిసుక్కుంట.
"నీ హ్యాండిలు వంకరున్నది, ఎరుకేనా?
కుడిది వెనక్కు, ఎడమది ముందుకు.
ఇన్నేండ్లు ఎట్ల తోలినవ్ ర?"

నాకు సీదానే అనిపించేది.
నా బండి సీదా, లోకంల మిగతా బండ్లే వంకర.

మొయిన్ భాయ్‌కి ఫోను కొట్టిన.
అవతల కంప్రెసరు మోత, ఆగింది.
"నేనే తిప్పిన సార్.
మూడేండ్లాయె.
మీ కుడి భుజం లేస్తలేదని చూసిన.
చెప్తె బాధపడ్తరని..."

బిల్లుల ఎన్నడు రాయలె ఆ పని.

తాళాలు మార్చుకున్నం.
నా బండెక్కి హ్యాండిలు పట్టిన,
అది నన్ను పట్టుకున్నది.
కుర్మయ్య నా కాళ్లు చూసిండు,
ఫుట్‌పెగ్గు చూసిండు,
ఏందో అడగబోయిండు.
కొంచెం సేపు రెండు ఇంజన్లు ఉత్తగనే తిరిగినయి.

"ఏమన్న గాని, ఆరో గేరు..." అన్నడు.
"మైలేజెంత?" అన్న నేను.