చలికాలంల ఫ్యాను

మా గదికీ ఎక్స్‌రే గదికీ నడుమ
ఒక్క ప్లైవుడ్ చెక్కే గోడ.
అటుదిక్కు టెక్నీషియన్ దగ్గితే
ఇటుదిక్కు నేను "నీళ్లు తాగు" అనేటంత పల్చన.
అందుకే దేవరకొండ దవాఖానల
పుష్యమాసంల గూడ నా టేబుల్ ఫ్యాను తిరుగుతది.
గాలి కోసం కాదు.
దాని రెక్క ఒకటి వంగింది, గరగరమంటది.
ఆ గరగర కింద
మనుషులు తమ మాటలు దాపెట్టుకుంటరు,
కోడి రెక్కల కింద పిల్లల లెక్క.

"సలికి సస్తున్నం, ఈ ఫ్యానేంది సారూ" అంటరు.
ఎందుకో చెప్తె
కొంగు చెవుల మీదికి గుంజుకోని
"ఉండనీ మరి" అంటరు.
మొన్న ఎలక్ట్రీషియన్ వచ్చి
"రెక్క సరిజేస్త, సప్పుడుండది" అన్నడు.
చాయ తాపి పంపిన.

ఈ కవితల వచ్చినోళ్ల పేర్లు లేవు.
ఊర్లు మార్చిన. పంటలు మార్చిన.
ఒకామె మోచేతి మీది పచ్చబొట్టు గురించి
నాలుగు పాదాలు రాసి కొట్టేసిన.
అసొంటి పచ్చబొట్టు మండలం మొత్తంల ఒక్కదానికే ఉన్నది.
చూడు, కొట్టేసినదాన్నే మళ్ల చెప్తున్న.
నమ్మకు. అది పచ్చబొట్టు కాదు.

కొలువుకొచ్చిన కొత్తల
పుణె పనికి పోయొచ్చిన ఒకాయనతోని
"నీ జాగల నేనుంటే" అని మొదలువెట్టిన.
ఆయన నా బూట్ల దిక్కు చూసిండు.
"నా జాగల నువ్వుంటే
ఇవి నీ కాళ్లకు ఉండయి సారూ."
శిక్షణల సుగుణావతి మేడం
మూడు దినాలు చెప్పిన పాఠం
ఆయన ఒక్క ముక్కల ఒడగొట్టిండు.
అప్పటి సంది బూట్లు గడప అవతల ఇడుస్తున్న.
దాంతోని ఏమన్న మారిందా అంటే
తెల్వది. కాళ్లకు సలి పెడ్తది.

ఇంకొకామె సంచెడు పల్లికాయ తెచ్చింది,
పచ్చిది, మట్టి గూడ రాలలె.
తీసుకోవద్దని రూలు. వద్దన్న.
"మా ఇంటి తిండి ముట్టవా" అన్నది.
ఆ అడుగుడు ఎన్ని తరాల పాతదో
రూలు పుస్తకంల రాసి లేదు.
ఒక గుప్పెడు తీసుకున్న,
ఆమె ముంగటనే ఒలుచుకోని తిన్న,
సంచి ఆమెతోనే పంపిన.
తప్పు చేసిన్నా?
మా రిజిస్టర్ల ఆ గడి లేదు.

మొదటి దినం అందరికీ చెప్త:
"ఈడ చెప్పింది ఈడనే ఉంటది,
నీ పానం నువ్వే తీసుకుంటనంటే తప్ప."
తలూపుతరు.
'తప్ప' కాడ ఎవ్వరి చెవీ ఆగది.
ఆయన చెవీ ఆగలె.
పత్తి మందు డబ్బా ఏ దూలం మీద పెట్టిండో
ఎంత మెల్లగ చెప్పిండంటే
ఇనబడక నేను ఫ్యాను ఆపిన.

అంత నిశ్శబ్దం ఆ గదిల అంతకుముందు లేదు.
అవతల ఎవరో పేషెంటును
"ఊపిరి బిగవట్టు, కదలకు" అంటున్నరు.
ఇద్దరం బిగవట్టినం.
అప్పుడు చెప్పిన:
"మీ బావమర్దికి ఫోను చేస్తున్న.
దొంగతనంగ కాదు, నీ ముంగటనే చేస్తున్న."
"నమ్మి చెప్తి గదా" అన్నడు.
అంతే అన్నడు.

మూడేండ్లాయె. బతికున్నడు.
అంగట్ల కనపడ్తడు, సంకల మనుమరాలు.
నన్ను చూస్తె మొఖం తిప్పుకుంటడు.
నేనూ పలకరియ్య.
గది బయట ముందుగ మేం పలకరియ్యొద్దు,
అది గూడ రూలే.
చూసేటోళ్లకు
ఆయన కోపం, నా కట్టుబాటు
ఒక్క తీరుగనే అవుపడ్తయి:
ఎరుక లేని ఇద్దరు
ఒక్క తోపుడు బండి కాడ నిలవడి
జామకాయలు ఏరుకుంటున్నట్టు,
పండిందో లేదో
బొటనవేలితోని ఒత్తి చూసుకుంట.