నాలుగో అడుగు

మిర్యాలగూడ. ఉప్పుడు మిల్లు వెనక సిమెంటు కల్లం.
పొద్దుగూకినంక వడ్లు కుప్పజేసి పట్టా గప్పితే
మిగిలిన జాగల జానయ్య నాకు
సముద్రం అవతలి ఆట నేర్పుతుండు.

ఫిలిప్పీన్స్‌ల డాక్టర్ చదివొచ్చిండు.
ఇక్కడి పరీక్ష రెండుసార్లు తప్పిండు.
పాసయ్యేదాంక మా కాంటా కాడ
లారీల బరువు రాస్తడు.
"ఇలోకోస్‌ల, కిరాయింటి ముసలామె నేర్పింది
పొగాకు ఆరేసుకుంట" అన్నడు.

ముట్టుకోవద్దట ఈ ఆటల.
పిల్లగాడు వెంటవడాలె,
పిల్ల మొకం మలుపుకోవాలె,
నడుమ చేతిరుమాలు.
మణికట్టు మాత్రం తిప్పాలె మెల్లగ,
చాటల రాళ్లు ఒక్కదిక్కు చేర్చినట్టు.
గది నాకు ఎవ్వరు నేర్పనవసరం లేదు.

రుమాలెక్కడిది?
నా నెత్తికి చుట్టే తువ్వాలే, ఊక వాసనతోని.

"ఒకటి, రెండు, మూడు" అంటడు.
నా కాళ్లు వినవు.
పదకొండేండ్లు వడ్లు తిరగేసిన కాళ్లు,
సాళ్లు దీసుకుంట పోయి
నాలుగోది ఈడుస్తయి.
"నాలుగు లేదు సైదమ్మా."
"ఎందుకు లేదు?"
జవాబు దొరకలే డాక్టర్‌కు.

ఇయ్యాల
మొకం మలుపుకునుడు మరిచిన.
ఆయన వెంటవడుడు మరిచి
ఊకెనే నిలవడ్డడు.
బాయిలరు బుస్సుమన్నది.

"కాంటా! ఎవడున్నడ్రా కాంటా కాడ?"
గేటు కాడ లారీ హారను.
ఉరికిండు, నా తువ్వాల భుజం మీదనే.

లారీ లైట్లు కల్లం మీద వడ్డయి.
దుమ్ముల మా అడుగులు:
మూడు, మల్ల మూడు,
నా ఈడుపు పక్కన
వంకరగ, జర భయంగ,
ఆయనదీ ఒకటి.